చిన్న స్కూల్ డిస్ట్రిక్ట్ లెక్కలు చదవడం ఎలా: టెక్సస్‌లో ఇల్లు వెతుకుతున్న తల్లిదండ్రుల కోసం

డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇల్లు చూడటానికి బయలుదేరితే పడకగదుల సంఖ్య కన్నా ముందు ఆరా తీసేది స్కూలు రేటింగు. పదికి తొమ్మిదా, ఏడా? తొమ్మిది అయితే వంటగది ఇరుకైనా సర్దుకుంటారు. ఏడు అయితే గుమ్మం ఎటు చూస్తున్నా దిగరు. ఆ అంకె బొత్తిగా అబద్ధం కాదు. కానీ ఆ బడి ఏం నేర్పుతోందన్నదాని కన్నా, ఆ వీధుల్లో ఎవరు కాపురం ఉంటున్నారన్నదే అది ఎక్కువగా చెబుతుంది.

అందుకే ఈ లెక్కల్ని చదివే వరుస ముఖ్యం. ముందు పిల్లలు ఎవరో చూడాలి, తర్వాత మార్కులు, ఆ తర్వాత డబ్బు. చాలామంది మార్కులతో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. పెద్ద డిస్ట్రిక్ట్‌లో (ఇక్కడ డిస్ట్రిక్ట్ అంటే ఒక ప్రాంతంలోని ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థ) అలా చేసినా పెద్దగా నష్టపోరు, చిన్నదాంట్లో మాత్రం నిండా పొరబడతారు. టెక్సస్ నిధుల చట్టం ప్రకారం రోజువారీ సగటు హాజరు 1,600 కన్నా తక్కువ ఉన్నది చిన్న డిస్ట్రిక్ట్, 5,000 కన్నా తక్కువ ఉన్నది మధ్యస్థ డిస్ట్రిక్ట్. ఇక్కడ ఆ రెండింటినీ కలిపి చిన్నవనే అంటాను.

మొదటి మెట్టు: ఇల్లు ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో తేల్చుకోండి

టెక్సస్‌లో స్కూల్ డిస్ట్రిక్ట్ నగరపాలనలో భాగం కాదు. దానికి సొంత పాలకమండలి, సొంత పన్ను, సొంత సరిహద్దులు ఉంటాయి. 'ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్ట్' అనే పేరులోని 'ఇండిపెండెంట్' అందుకే వచ్చింది. చిరునామాలో ప్లేనో అని ఉన్న ఇల్లు ఫ్రిస్కో డిస్ట్రిక్ట్‌లో ఉండవచ్చు. అర్వింగ్ అని ఉన్న ఇల్లు కోపెల్ డిస్ట్రిక్ట్‌లో ఉండవచ్చు. ఇళ్ళ అమ్మకాల సైట్లు చూపించేది నమ్మకండి. పన్ను కోసం ఆస్తుల విలువ కట్టే కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆ ఇంటి పేజీ తెరిస్తే, పన్ను ఎవరెవరికి వెళుతుందో వరుసగా ఉంటుంది. అందులో కనిపించే స్కూల్ డిస్ట్రిక్టే అసలైనది. ఏ బడి పరిధిలోకి వస్తుందన్నది వేరే సంగతి, అది డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది. ఆ గీతలు మారుతూ ఉంటాయి కూడా.

రెండో మెట్టు: కాగితాలు పోగుచేయండి

కావలసినవి నాలుగు, అన్నీ ఉచితమే. టెక్సస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, అంటే టీఈఏ, ఏటా విడుదల చేసే విద్యా ప్రగతి నివేదిక మొదటిది. దీన్ని టీఏపీఆర్ అంటారు. పిల్లల వివరాలు, మార్కులు, టీచర్ల వివరాలు అన్నీ ఇందులోనే ఉంటాయి. రెండోది ఫస్ట్ అనే ఆర్థిక క్రమశిక్షణ రేటింగు. మూడోది ఆమోదం పొందిన బడ్జెట్. నాలుగోది వార్షిక ఆడిట్ నివేదిక. చివరి రెండూ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో ఆర్థిక విభాగం కింద ఉంటాయి.

ఐదేళ్ళవి తీసుకుంటే మంచిది. కానీ ఆ ఐదేళ్ళనూ ఒకే గీతలా గీయకండి. 2020లో మహమ్మారి వల్ల రాష్ట్ర పరీక్ష, అంటే స్టార్, జరగలేదు. 2021లో రాసినవాళ్ళు తక్కువ. 2023లో పరీక్ష స్వరూపమే మారింది. 2027-28 నుంచి స్టార్ పోయి, దాని స్థానంలో ఏడాదికి మూడు చిన్న పరీక్షలు రావాలని 2025లో చట్టం చేశారు. కాబట్టి మార్కుల పోలికకు పనికొచ్చేవి 2023, ఆ తర్వాతి ఏళ్ళే. పిల్లల సంఖ్య, డబ్బు విషయంలో ఆ ఇబ్బంది లేదు. ఎంత వెనక్కి వెళ్ళగలిగితే అంత మంచిది.

మూడో మెట్టు: పిల్లలు ఎవరు, ఎంతమంది

తరగతుల వారీగా నమోదు పట్టిక చూడండి. పన్నెండో తరగతిలో 400 మంది, కిండర్‌గార్టెన్‌లో 290 మంది ఉన్నారనుకుందాం. పెద్దవాళ్ళు ఒక్కో ఏడూ బయటికి వెళుతూ ఉంటే వాళ్ళ స్థానంలో వచ్చేవాళ్ళు తక్కువ. కొత్త ఇళ్ళు కట్టకపోతే ఆ డిస్ట్రిక్ట్ కుంచించుకుపోతున్నట్టే లెక్క. ఇళ్ళ ధరలు పెరిగి చిన్నపిల్లలున్న జంటలు కొనలేని చోట్ల సరిగ్గా ఇదే జరుగుతోంది. పేరున్న డిస్ట్రిక్టులకూ మినహాయింపు లేదు. ప్లేనో డిస్ట్రిక్ట్ 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయడానికి ఓటు వేసింది. కోపెల్ కూడా ఒక ప్రాథమిక పాఠశాలను మూసేసింది. మీరు 'నడిచి వెళ్ళేంత దూరం' అని ఎక్కువ ధర పెట్టి కొన్న ఇంటి పక్క బడే ఆ జాబితాలో ఉండవచ్చు. రేటింగులో ఈ సంగతి ఎక్కడా కనిపించదు.

తర్వాత 'ఆర్థికంగా వెనుకబడినవారు' అనే శాతం చూడండి. దీనికి పునాది ఉచిత, తగ్గింపు ధర భోజనం. కుటుంబ ఆదాయం సమాఖ్య పేదరిక రేఖకు 130 శాతం లోపు ఉంటే భోజనం ఉచితం, 185 శాతం లోపు ఉంటే తగ్గింపు ధర. ఇందులో ఒక మెలిక ఉంది. పేద కుటుంబాలు ఎక్కువగా ఉన్న బడిలో అందరికీ భోజనం ఉచితంగా పెట్టే పథకానికి అర్హత హద్దును 2023లో 40 నుంచి 25 శాతానికి తగ్గించారు. భోజనం ఎలాగూ వస్తున్నప్పుడు ఆదాయం ఫారం నింపి ఇచ్చేదెవరు? అందుకే ఈ శాతం ఒక్క ఏడాదిలో హఠాత్తుగా మారితే, జనం మారారని కాకుండా లెక్కించే తీరు మారిందేమోనని ముందు అనుమానించండి.

ప్రత్యేక విద్య శాతం విషయంలోనూ అంతే. 2004 నుంచి టెక్సస్ 8.5 శాతం అనే అంకెను డిస్ట్రిక్టుల పర్యవేక్షణలో వాడింది. అది అనధికారికంగా పరిమితిలా పనిచేసి, సాయం అందవలసిన పిల్లలు బయటే ఉండిపోయారు. 2016లో హ్యూస్టన్ క్రానికల్ పత్రిక దీన్ని బయటపెట్టింది. ఇది చట్టవిరుద్ధమని 2018లో సమాఖ్య విద్యాశాఖ తేల్చింది. ఆ తర్వాత రాష్ట్రమంతటా ఈ శాతం పెరుగుతూ వచ్చింది. ఒక డిస్ట్రిక్ట్‌లో ఇది పెరిగితే బడి దిగజారిందని అర్థం కాదు. ఎన్నో ఏళ్ళుగా పట్టించుకోని పిల్లల్ని ఇప్పుడు గుర్తిస్తున్నారని అర్థం కావచ్చు. మీ పిల్లలకు మాటలు ఆలస్యంగా వచ్చినా, చదవడంలో తడబాటు ఉన్నా, ఈ శాతం మరీ తక్కువగా ఉన్న చిన్న డిస్ట్రిక్ట్‌ను నేనైతే ఒకటికి రెండుసార్లు ప్రశ్నిస్తాను.

ఇంగ్లిషు నేర్చుకుంటున్న పిల్లలను టెక్సస్‌లో 'ఎమర్జెంట్ బైలింగ్వల్' అంటారు. ఇది నేరుగా మన ఇళ్ళలోకి వచ్చే అంశం. చేర్చేటప్పుడు ఇచ్చే ఇంటి భాష ఫారంలో తెలుగు అని రాస్తే, పిల్లల ఇంగ్లిషును పరీక్షిస్తారు. అలా రాస్తే వెనకబడినవాడని ముద్ర వేస్తారని భయపడి ఇంగ్లిషు అని రాసేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఆ భయం అనవసరం. పరీక్షలో పిల్లవాడికి ఇంగ్లిషు బాగా వచ్చని తేలితే కథ అక్కడితో ముగుస్తుంది. రాకపోతే అదనపు బోధన దొరుకుతుంది, ఆ కార్యక్రమంలో చేరిన పిల్లల పేరుమీద డిస్ట్రిక్ట్‌కు అదనపు నిధులూ వస్తాయి. వద్దనుకుంటే తల్లిదండ్రులు కాదనవచ్చు. ఇంటింటా ఇలా దాచిపెడితే, పట్టికలో ఆ వర్గం సంఖ్య అసలుకన్నా చిన్నదిగా కనిపిస్తుంది. 'ఏషియన్' అనే ఒక్క గడిలో తెలుగువాళ్ళు, వియత్నామీలు, కొరియన్లు అందరూ కలిసి ఉంటారని కూడా మరవకండి. ఆ గడి సగటు ఎవరి సగటూ కాదు.

వచ్చిపోయే పిల్లల శాతం, అంటే మొబిలిటీ, ఒకసారి చూసి ముందుకు సాగండి. విద్యా సంవత్సరంలో 83 శాతం కన్నా తక్కువ కాలం ఒక బడిలో ఉన్నవాళ్ళని ఇందులో లెక్కిస్తారు. నమోదు లెక్క తీసేది అక్టోబరు చివరి శుక్రవారం. నవంబరులో వచ్చి చేరిన పిల్లల మార్కులు ఆ డిస్ట్రిక్ట్ రేటింగులోకి రావు.

నాలుగో మెట్టు: మార్కులు

స్టార్ ఫలితాల్లో మూడు గీతలు ఉంటాయి: అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. ప్రకటనల్లో ఎక్కువగా కనిపించేది అప్రోచెస్, ఎందుకంటే అందరికన్నా పెద్ద అంకె అదే. దాన్ని వదిలేయండి. తరగతి స్థాయికి తగ్గట్టు నేర్చుకున్నారో లేదో చెప్పేది మీట్స్. మొదట మూడో తరగతి చదవడంలో మీట్స్ శాతం, తర్వాత ఎనిమిదో తరగతి గణితంలో మీట్స్ శాతం చూడండి. ఈ రెండూ చూస్తే సగం బొమ్మ కళ్ళకు కడుతుంది. బాగా చదివే పిల్లలు ఎనిమిదిలోనే ఆల్జీబ్రా పరీక్ష రాసే చోట ఎనిమిదో తరగతి గణితం శాతం తక్కువగా కనిపిస్తుంది. అప్పుడు రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

ఇప్పుడు చిన్న డిస్ట్రిక్ట్‌ల అసలు చిక్కు. ఒక బడిలో మూడో తరగతి పిల్లలు 25 మంది. ఒక్కొక్కరు నాలుగు శాతం. గత ఏడాది 15 మంది గీత దాటారు, అంటే 60 శాతం. ఈ ఏడాది 12 మంది దాటారు, అంటే 48 శాతం. 'పన్నెండు శాతం పతనం' అని ఊరంతా గోల. జరిగిందల్లా ముగ్గురు పిల్లల తేడా. ఒకరికి ఆ వారం జ్వరం వచ్చి ఉండవచ్చు, ఇద్దరు వేరే ఊరికి వెళ్ళిపోయి ఉండవచ్చు. గణాంకాల లెక్కలో చెప్పాలంటే, 25 మందితో 60 శాతం వచ్చినప్పుడు అటూ ఇటూ దాదాపు పది పాయింట్ల ఊగిసలాట మామూలే. మూడేళ్ళ పిల్లల్ని కలిపి 75 మందిగా లెక్కిస్తే ఆ ఊగిసలాట ఆరు పాయింట్ల లోపుకు దిగుతుంది. శాతాల్ని సగటు చేయకండి. గీత దాటినవాళ్ళను కలిపి, రాసినవాళ్ళను కలిపి, అప్పుడు భాగించండి. పట్టికలో నక్షత్రం గుర్తు (*) కనిపిస్తే ఆ గడిలో పిల్లలు మరీ తక్కువని అర్థం. వ్యక్తిగత వివరాలు బయటపడకుండా ఆ అంకెను దాచేస్తారు.

అక్షరాల రేటింగు, అంటే రాష్ట్రం 'ఏ' నుంచి 'ఎఫ్' వరకు ఇచ్చేది, ఎలా తయారవుతుందో తెలిస్తే దాని మీద భక్తి కొంత తగ్గుతుంది. విద్యార్థుల సాధన, వారి పురోగతి, ఈ రెండింటిలో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం వెయిటేజి. వర్గాల మధ్య అంతరాల తగ్గింపుకు 30 శాతం. అంటే ఒకే 'బి' వచ్చిన రెండు డిస్ట్రిక్టులు రెండు వేర్వేరు కారణాలతో అక్కడికి చేరి ఉండవచ్చు. ఒకదానిలో పిల్లలు వచ్చేటప్పుడే ముందున్నారు. మరోదానిలో వెనక నుంచి వచ్చి ముందుకు కదిలారు. నాకు రెండోదే ముచ్చట. పైగా కొలబద్దలు కూడా మారతాయి. హైస్కూలు చదువు తర్వాతి సన్నద్ధతలో 'ఏ' గ్రేడుకు కావలసిన అంకెను 2023లో 60 నుంచి 88కి పెంచారు. దానిమీద డిస్ట్రిక్టులు కోర్టుకెక్కడంతో 2023 రేటింగులు 2025 ఏప్రిల్‌లో గానీ బయటకు రాలేదు. 2024, 2025 రేటింగులు రెండూ కలిసి 2025 ఆగస్టులో వచ్చాయి. మీ పాత పరిచయస్థులు చెప్పే 'ఆ డిస్ట్రిక్ట్‌కు ఏ గ్రేడు వచ్చింది' అనే మాట ఏ ఏడాదిదో అడిగి తెలుసుకోండి.

పిల్లల స్థాయి, పిల్లల ఎదుగుదల వేర్వేరు విషయాలు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని ఎడ్యుకేషనల్ ఆపర్చునిటీ ప్రాజెక్ట్ దేశంలోని దాదాపు అన్ని డిస్ట్రిక్టులకూ ఈ రెండింటినీ విడదీసి పటాల మీద చూపిస్తుంది. అక్కడ మీ డిస్ట్రిక్ట్‌ను వెతికి ఎదుగుదల పటం చూడండి. సంపన్న ప్రాంతంలో స్థాయి ఎత్తుగా ఉండి ఎదుగుదల మామూలుగా ఉన్న చోట్లు బోలెడు. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న చోట శని, ఆదివారాలు గణితం క్లాసులతో కిటకిటలాడే దుకాణ సముదాయాలు చూసే ఉంటారు. ఆ మార్కులన్నీ బడి ఖాతాలోనే పడతాయి.

హైస్కూలు వయసు పిల్లలుంటే మరో లెక్క కూడా వేయండి. 1997 నాటి టెక్సస్ చట్టం ప్రకారం తరగతిలో పై పది శాతంలో నిలిచినవారికి ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో నేరుగా ప్రవేశం. ఆస్టిన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ టెక్సస్‌కు ఆ హద్దు వేరు, 2026 శరదృతువు నుంచి అది ఐదు శాతమే. ఒక చిన్న డిస్ట్రిక్ట్‌లో పన్నెండో తరగతి 150 మంది ఉంటే, పై ఐదు శాతం అంటే ఏడుగురు. అందరూ చదివే పిల్లలే ఉన్న చోట ఎనిమిదో స్థానం ఏమంత తేలిగ్గా మింగుడుపడదు.

ఐదో మెట్టు: డబ్బు

ఇక్కడ చరిత్ర కొంచెం తెలియాలి, లేకపోతే బడ్జెట్ అర్థం కాదు. శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్, అలామో హైట్స్ అని రెండు డిస్ట్రిక్టులు ఉన్నాయి. 1967-68లో ఎడ్జ్‌వుడ్‌లో సుమారు 22,000 మంది పిల్లలు, దాదాపు అందరూ మెక్సికన్-అమెరికన్లు. తలకు లెక్కిస్తే ఆస్తి విలువ 5,960 డాలర్లు. అలామో హైట్స్‌లో సుమారు 5,000 మంది పిల్లలు, ఎక్కువగా తెల్లజాతివారు, తలకు ఆస్తి విలువ 49,000 డాలర్ల పైన. ఎడ్జ్‌వుడ్ నూరు డాలర్ల విలువకు 1.05 డాలర్ల పన్ను వేస్తే పిల్లవాడికి వచ్చింది 26 డాలర్లు. అలామో హైట్స్ 85 సెంట్లే వేస్తే వచ్చింది 333 డాలర్లు. ఎక్కువ రేటుతో పన్ను కట్టినవాళ్ళ బడికే తక్కువ డబ్బు దక్కింది. ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రుల్లో డెమెట్రియో రోడ్రిగెజ్ అనే ఆయన ముందుండి కేసు వేశారు. 1973లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తీర్పుతో ఆయన పక్షం ఓడిపోయింది. తర్వాత రాష్ట్ర కోర్టు దారిలో వెళ్ళారు. 1989లో టెక్సస్ సుప్రీంకోర్టు ఈ పద్ధతి రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమని ఏకగ్రీవంగా చెప్పింది. దాని ఫలితమే 1993లో వచ్చిన రీక్యాప్చర్, అంటే సంపన్న డిస్ట్రిక్టుల మిగులు పన్నును రాష్ట్రం వెనక్కి తీసుకునే పద్ధతి. జనం నోట అది 'రాబిన్ హుడ్'.

ఇప్పుడు పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో పిల్లవాడికి ఇంత అని రాష్ట్రం ఒక మూల మొత్తం నిర్ణయిస్తుంది. 2019 నుంచి అది 6,160 డాలర్లు, 2025లో 55 డాలర్లు కలిపి 6,215 చేశారు. పేద పిల్లలకు, ఇంగ్లిషు నేర్చుకునేవారికి, ప్రత్యేక విద్యకు అదనపు వెయిటేజి ఉంటుంది. చిన్న, మధ్యస్థ డిస్ట్రిక్టులకు విడిగా మరికొంత. ఇలా వచ్చిన మొత్తంలో ముందు స్థానిక ఆస్తి పన్ను నిండుతుంది. చాలకపోతే రాష్ట్రం పూరిస్తుంది, మిగిలితే రీక్యాప్చర్ కింద వెనక్కి తీసుకుంటుంది. కాబట్టి 'ఇక్కడ ఇళ్ళన్నీ మిలియన్ డాలర్లవి, బడికి డబ్బే డబ్బు' అన్న మాట టెక్సస్‌లో పూర్తిగా నిజం కాదు. డిస్ట్రిక్ట్ తన దగ్గరే ఉంచుకోగలిగేది చాలా వరకు మూల పన్ను రేటు మీద వేసుకునే అదనపు సెంట్లలోని ఒక చిన్న భాగం. ఆ సెంట్లు వేయడానికి తరచూ ఓటర్ల అనుమతి కావాలి. గత కొన్నేళ్ళ పన్ను ఎన్నికల ఫలితాలు వెతకండి. వరుసగా ఓడిపోయిన చోట వచ్చే ఏడాది ఏం కోతలు పడతాయో ఊహించవచ్చు.

ఇంకో సంగతి. టెక్సస్ డబ్బిచ్చేది నమోదును బట్టి కాదు, హాజరును బట్టి. వెయ్యి మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్‌లో సగటు హాజరు 93 శాతమైతే, డబ్బు వచ్చేది 930 మందికే. మిగిలిన 70 మందికి మూల మొత్తమే లెక్కేసినా 4,35,050 డాలర్లు పోయినట్టే. టీచర్ల జీతం, బస్సు, కరెంటు మాత్రం వెయ్యి మందికీ ఒకటే. బడి జరుగుతుండగా జనవరిలో మూడు వారాలు ఇండియాకు వెళ్ళివచ్చే మన అలవాటు ఈ లెక్కలోకే వస్తుంది.

ఇప్పుడు బడ్జెట్ తెరవండి. ముందు రెండు ఖాతాలను విడదీయండి. ఒకటి నిర్వహణ, రెండోది భవనాల కోసం చేసిన అప్పు తీర్చడం. పన్ను బిల్లులో కూడా ఇవి రెండు రేట్లుగా ఉంటాయి. బాండ్ల డబ్బుతో, అంటే ఆ అప్పుతో, బడి కట్టవచ్చు, టీచరుకు జీతం ఇవ్వలేరు. ఎలన్ డిస్ట్రిక్ట్ 6 కోట్ల డాలర్లతో ఫుట్‌బాల్ స్టేడియం కట్టి 2012లో తెరిచింది. పగుళ్ళు కనిపించి 2014లో మూసి, మరుసటి ఏడాది మళ్ళీ తెరిచారు. అది చూసి 'జీతాలకు లేవు గానీ' అని విసుక్కున్నవాళ్ళు ఎందరో. ఆ విసుగు అర్థమవుతుంది, కానీ ఆ రెండు డబ్బులూ ఒకదానిలోకి ఒకటి ప్రవహించవు. అందుకే 'ఒక్కో విద్యార్థిపై ఖర్చు' చూసేటప్పుడు నిర్వహణ ఖర్చే తీసుకోండి. కొత్త భవనం కట్టిన ఏడాది చిన్న డిస్ట్రిక్ట్ మొత్తం ఖర్చు ఆకాశాన్ని తాకుతుంది.

ఖర్చుల పక్కన ఉండే కోడ్ నంబర్లు భయపెట్టేవేమీ కావు. 11 అంటే బోధన, 34 రవాణా, 36 ఆటలు వగైరా, 41 కేంద్ర కార్యాలయ పాలన, 51 భవనాల నిర్వహణ. 11కు ఎంత, 41కి ఎంత అన్న నిష్పత్తి వేయండి. కానీ 600 మంది పిల్లలున్న డిస్ట్రిక్ట్‌కూ ఒక సూపరింటెండెంట్ ఉండాల్సిందే కాబట్టి, చిన్నచోట పాలన శాతం సహజంగానే ఎక్కువ. సమాన పరిమాణం ఉన్న వాటితోనే పోల్చాలి. ఆడిట్ నివేదికలో నిల్వ నిధి చూడండి. రెండు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ లేకపోతే అది ఆందోళనకరం. మహమ్మారి కాలపు సమాఖ్య సాయాన్ని ఖర్చుకు కేటాయించే గడువు 2024 సెప్టెంబరు 30తో ముగిసింది. ఆ డబ్బుతో శాశ్వత ఉద్యోగాలు ఇచ్చిన డిస్ట్రిక్టులు ఇప్పుడు నిల్వల మీద బతుకుతున్నాయి.

టీచర్ల పట్టికను డబ్బు పట్టికగానే చదవండి. ఏటా ఎంత శాతం వెళ్ళిపోతున్నారు, ఐదేళ్ళ లోపు అనుభవం ఉన్నవారు ఎందరు? 2025 నాటి నిధుల చట్టం 5,000 మంది లోపు పిల్లలున్న డిస్ట్రిక్టుల్లో ఐదేళ్ళు, అంతకు మించి అనుభవమున్న టీచర్లకు 8,000 డాలర్లు, మూడు నాలుగేళ్ళ వారికి 4,000 డాలర్లు పెంచింది. పెద్ద డిస్ట్రిక్టుల్లో ఆ పెంపు 5,000, 2,500 మాత్రమే. చిన్న డిస్ట్రిక్టుల నుంచి పక్క ఊరి పెద్ద డిస్ట్రిక్టుకు టీచర్లు జారిపోకుండా చేసిన ఏర్పాటు ఇది. రాబోయే రెండు మూడేళ్ళ టీఏపీఆర్‌లో వెళ్ళిపోయేవారి శాతం తగ్గుతోందో లేదో గమనించండి.

ఆరో మెట్టు: పక్కపక్కన పెట్టి చూడండి, ఆపై వెళ్ళి అడగండి

ఐదారు డిస్ట్రిక్టులు ఎంచుకోండి. పిల్లల సంఖ్య దగ్గరగా ఉండాలి, పేద పిల్లల శాతం దగ్గరగా ఉండాలి. ఒక్కో దానికి ఏడు గడులు చాలు: నమోదులో మార్పు, పేద పిల్లల శాతం, మూడో తరగతి చదవడం మూడేళ్ళు కలిపి, ఎదుగుదల, ఒక్కో విద్యార్థిపై నిర్వహణ ఖర్చు, నిల్వ నిధి, వెళ్ళిపోయిన టీచర్ల శాతం. పది రేటింగు ఉన్న పొరుగు డిస్ట్రిక్ట్‌తో కాక తనలాంటి వాటితో పోల్చినప్పుడు, రేటింగు ఆరున్న ఒక చిన్న డిస్ట్రిక్ట్ ఎంత బాగా పనిచేస్తోందో కొన్నిసార్లు ఆశ్చర్యం కలుగుతుంది. అదే పద్ధతిలో కొన్ని పెద్ద పేర్లు మామూలువిగా తేలతాయి.

పట్టిక చెప్పనివి పాలకమండలి సమావేశంలో తెలుస్తాయి. సాధారణంగా ఏడుగురు సభ్యులు, నెలకోసారి సమావేశం, అజెండా ముందే వెబ్‌సైట్‌లో ఉంటుంది. అక్కడ మాట్లాడటానికి పౌరసత్వం అక్కర్లేదు. సభ్యులను ఎన్నుకునే ఓటు హెచ్-1బీ మీద ఉన్నవారికి లేదు గానీ, వారు కట్టే ఆస్తి పన్నులో పెద్ద భాగం ఆ డిస్ట్రిక్టుకే వెళుతుంది కదా. మొహమాటం వదిలి పేరు నమోదు చేయించుకోండి. రాబోయే ఐదేళ్ళలో నమోదు ఎంత ఉంటుందని అంచనా, ఏ బడుల్లో సీట్లు ఖాళీగా ఉన్నాయి, ఈ ఏడాది బడ్జెట్ లోటును దేనితో పూడుస్తున్నారు అని అడగండి. వెబ్‌సైట్‌లో లేని కాగితం కావాలంటే టెక్సస్ ప్రజా సమాచార చట్టం కింద ఉత్తరం రాయవచ్చు. పది పనిదినాల్లోగా వారు స్పందించాలి. ఇల్లు కొనే ఒప్పందంలో వెనక్కి తగ్గడానికి ఇచ్చే ఆప్షన్ గడువు మామూలుగా అంతకన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, ఆ ఉత్తరం ఇళ్ళు చూడటం మొదలుపెట్టిన వారమే పంపండి.